వచ్చిన సంఖ్యను పరీక్షించుట ఎవరి పని?

నెల సంఖ్య వ్రాయుమని కంప్యూటరు అడిగినపుడు గుమాస్తా పొరపాటున 13 అని నొక్కెననుకొందము. ఆ తప్పును పట్టవలసినది ప్రోగ్రాము వ్రాసినవారా, వారు వాడిన భాషయేనా? ఈ వాదము అరువది ఏండ్లకు పైబడినది.

ఇంగ్లండులో ఎలియట్ బ్రదర్స్ సంస్థయందు 1960లో చేరిన టోనీ హోర్, ఆల్గాల్ 60 భాషను ఆ సంస్థ యంత్రములపై నడుపు పనికి పూనుకొనిరి. పట్టికలో ఫలానా గడి కావలెనని ప్రోగ్రాము కోరిన ప్రతిసారియు, అట్టి గడి అసలు ఉన్నదో లేదో యంత్రము చూచుకొనునట్లు వారు కట్టుదిట్టము చేసిరి. దీనివలన కొంత కాలము వ్యయమగును. కొన్నేండ్లకు, వేగము కొరకు ఈ పరీక్షను మానుకొను వీలు కావలెనా యని అడుగగా, యంత్రములను వాడువారందరును ముక్తకంఠముతో వలదనిరట. తమ ప్రోగ్రాములు ఎంత తరచుగ హద్దు దాటుచున్నవో వారికి అప్పటికే అనుభవమైనది. ఈ ముచ్చటను హోర్ 1980లో ట్యూరింగ్ బహుమాన ప్రసంగమున చెప్పిరి.

1970 దశకమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు పుట్టిన సి భాష వేరు త్రోవ పట్టినది. అందలి ‘గెట్స్’ అను సాధనము వచ్చిన అక్షరములన్నిటిని లోనికి తీసికొనునేకాని, వానికై ఉంచిన చోటు ఎంతయో చూడదు. సోలలో కుంచెడు పోసిన చందమున, మిగిలినది ప్రక్కనున్న స్మృతిపై పొరలును. 1988 నవంబరు 2న విడువబడిన ‘మారిస్ పురుగు’ అనేక యంత్రములలో చొరబడుటకు వాడుకొన్న మార్గములలో ఇదియొకటి. 2011 నాటి ప్రమాణమునుండి గాని గెట్స్ తొలగింపబడలేదు. ఇంత ఆలస్యమేలనో!

మేము హోర్ పక్షమునే నిలుతుము. ఐనను హద్దు చూచుట వేరు, తప్పు దొరకిన పిమ్మట ఏమి చేయవలెనో నిర్ణయించుట వేరు. 1970లో నిక్లాస్ విర్త్ ప్రకటించిన పాస్కల్ భాషలో నెల అనగా 1 మొదలు 12 వరకేయని ముందే చెప్పవచ్చును. 13 వచ్చిన యెడల, పరీక్ష అమలులోనున్నచో, ప్రోగ్రాము అక్కడనే ఆగిపోవును. ఇది గుమాస్తా ఒక అంకె తప్పినందుకు అంగడి మూసివేయుట వంటిది. 1983లో ప్రమాణముగ వెలువడిన ఏడా భాష, తప్పునకు పేరు పెట్టి, నివారణోపాయము వ్రాసికొను చోటును చూపినది. ఆ చోటు నింపవలసినది మనుష్యుడే.

1996 జూన్ 4న ఫ్రెంచి గయానాలోని కూరూ నుండి ఏరియాన్ 5 రాకెట్టు మొదటిసారి ఎగిరినది. దిక్కును, వేగమును కనిపెట్టు పరికరములలో ఏరియాన్ 4 కొరకు ఏడాలో వ్రాసిన ప్రోగ్రామే యుండెను. క్రొత్త రాకెట్టు పార్శ్వవేగము హెచ్చు. దానికి సంబంధించిన సంఖ్య, 32,767కు మించరాని గడిలో పట్టలేదు. అట్టి ప్రమాదము గల 7 సంఖ్యలలో నాల్గింటికే రక్షణ వ్రాసి, యంత్రముపై భారము పెరుగునని మూడింటిని విడిచియుండిరి. ఇది ఆ మూడింటిలోనిది. తప్పు పట్టుబడెను, కాని ప్రత్యుత్తరము వ్రాసినవారు లేరు. పరికరము ఆగెను. దానికి తోడుగనున్న రెండవదానిలోను అదే ప్రోగ్రాము కావున, అదియు అంతకుముందే ఆగియుండెను. సుమారు 40 సెకనులకు రాకెట్టు ముక్కలైనది. ఇంతకును ఆ లెక్క, రాకెట్టు నేల విడిచిన పిమ్మట ఎవరికిని అక్కరలేనిది.