సొంత పుట కొరకు పుట్టిన భాష

"తెలుగు" అను మాటలో అక్షరములెన్ని? మూడు అని ప్రాథమిక పాఠశాల విద్యార్థి కూడ చెప్పగలడు. ఇదే ప్రశ్నను పి.హెచ్.పి. అను కంప్యూటరు భాషలో, మాట పొడవును కొలుచు సాధారణమైన ఫంక్షనును ఉపయోగించి అడిగినచో 18 అని జవాబు వచ్చును. తెలుగు వికీపీడియాను నడపు మీడియావికీ అను సాఫ్ట్‌వేరు ఈ భాషలోనే వ్రాయబడినది. ఇంత తెలుగును మోయుచున్న భాషకు మూడక్షరముల మాట పదునెనిమిదిగా కనబడుట వింతయే కదా! దీని కారణము తెలియవలెనన్న ఆ భాష పుట్టిన తీరు తెలియవలెను. అది ఏ పరిశోధనశాలలోను, ఏ వ్యాపారసంస్థ ప్రణాళిక ననుసరించియు పుట్టలేదు. ఒక యువకుడు తన సొంత పుట కొరకు చేసికొన్న చిన్న పనిముట్టు నుండి పెరిగినది.

ఆ యువకుడు రాస్మస్ లెర్డార్ఫ్. ఇతడు 1968లో గ్రీన్లాండులో జన్మించెను; కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివి 1993లో పట్టభద్రుడయ్యెను. ఆ సంవత్సరమే వెబ్ చరిత్రలో ముఖ్యమైనది. టిమ్ బెర్నర్స్-లీ స్విట్జర్లాండులోని సెర్న్ సంస్థలో రూపొందించిన వెబ్‌ను ఎవరైనను రుసుము లేకుండ వాడుకొనవచ్చునని ఆ సంస్థ 1993 ఏప్రిల్ 30న ప్రకటించెను. బొమ్మలను, మాటలను ఒకే పుటలో చూపు మొజాయిక్ అను బ్రౌజరు అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయము నుండి అదే సంవత్సరము వెలువడెను.

అప్పటి వెబ్ పుటలు అచ్చు కాగితముల వంటివి. ఎవరు తెరిచినను, ఎన్నిసార్లు తెరిచినను ఒకే పాఠము కనబడును. చూచువానిని బట్టి మారు పుట కావలెనన్నచో సి.జి.ఐ. అను పద్ధతి నవలంబింపవలెను. పుట కావలెనని బ్రౌజరు అడుగగానే సర్వరు వేరొక ప్రోగ్రామును మేల్కొల్పును; ఆ ప్రోగ్రాము వెలువరించిన పాఠమును బ్రౌజరుకు పంపును; అంతటితో ఆ ప్రోగ్రాము ముగిసిపోవును. హోటలుకు మనిషి వచ్చినప్పుడెల్ల పొయ్యి క్రొత్తగా రాజేసి, ఒక్క కప్పు కాఫీ కాచి, మరల ఆర్పివేసినట్లుండును ఈ పద్ధతి.

లెర్డార్ఫ్ 1994లో తన చదువు, అనుభవము తెలుపు పత్రమును వెబ్‌లో నుంచెను. దానిని ఎవరు చూచుచున్నారో తెలిసికొనవలెనని అతనికి కుతూహలము కలిగెను. ఉద్యోగము కోరువానికి ఇది సహజమే. సి భాషలో కొన్ని చిన్న సి.జి.ఐ. ప్రోగ్రాములు వ్రాసికొని, వానికి 'పర్సనల్ హోమ్ పేజ్ టూల్స్' అని పేరు పెట్టెను. పి.హెచ్.పి. అను మూడక్షరములకు మొదటి అర్థమిదియే. 1995 జూన్ 8న వాని సోర్సు కోడును అందరికిని అందుబాటులో నుంచెను.

ఆ తరువాత వెబ్‌లో వచ్చిన ప్రతి మార్పును ఈ పనిముట్టు వెంబడించినది. పుటలలో పేరు, చిరునామా నింపి పంపు ఫారములు వాడుకలోనికి వచ్చెను. వానిలో నింపిన విషయమును గ్రహించు భాగమును లెర్డార్ఫ్ చేర్చెను. సమాచారమును డేటాబేసులలో భద్రపరచు అవసరము కలిగెను. డేటాబేసుతో మాటలాడు భాగము చేరెను. 1995లో అపాచీ అను సర్వరు వచ్చెను. తన ప్రోగ్రామును ఆ సర్వరులోనే ఒక భాగముగా ఇమిడ్చెను. ఇక పొయ్యిని మాటిమాటికి ఆర్పనక్కరలేదు. అన్నిటికంటె ముఖ్యమైనది, పుట పాఠము నడుమనే ఆజ్ఞలను వ్రాయు సౌకర్యము. పుటను కూర్చుట తెలిసినవాడు మధ్యలో రెండు పంక్తుల ఆజ్ఞలు చేర్చినచో అది జీవమున్న పుట అగును. తాను ఒక భాషను నిర్మింపవలెనని ఎన్నడును తలపెట్టలేదని లెర్డార్ఫ్ తరువాత పలుమారులు చెప్పెను. ఆ మాట నమ్మదగినదే, పి.హెచ్.పి. శరీరము మీద దాని గుర్తులు నేటికిని కలవు.

ఉదాహరణకు దాని ఫంక్షనుల పేర్లు. వానిలో కొన్ని పొట్టివి, కొన్ని అకారణముగా పొడుగువి. 'హెచ్‌టిఎమ్‌ఎల్‌స్పెషల్‌చార్స్' అను ఫంక్షను పేరు ఇంగ్లీషులో 16 అక్షరములు. తొలినాళ్లలో ఫంక్షనులు నూరు కూడ లేవు. వానిని వెదకుటకు లెర్డార్ఫ్ ఒక తేలిక ఉపాయము పన్నెను: పేరులోని అక్షరముల సంఖ్యను బట్టి ఒక్కొక్క ఫంక్షనును ఒక్కొక్క అరలో నుంచుట. అన్ని పేర్లును ఒకే పొడవైనచో ఒకే అర నిండిపోవును గనుక, పొడవులు వేరువేరుగా నుండునట్లు పేర్లు పెట్టెను. ఈ సంగతి 2013లో అతడే బయటపెట్టెను. ఆ అరలు ఎప్పుడో పోయినవి. పేర్లు మాత్రము నిలిచినవి.

ఇది నవ్వుకొనదగిన లోపము. మరియొకటి అట్టిది కాదు. ఫారములో నింపిన ప్రతి అంశమును ప్రోగ్రాములోని చలరాశిగా పి.హెచ్.పి. తనంతట తానే మార్చెడిది. క్రొత్తవారికి ఇది ఎంతో సులభము. కాని ప్రోగ్రాములో 'అధికారి' అను చలరాశి యుండి, దానికి మొదటనే విలువ నీయుట వ్రాసినవాడు మరచినచో, దారిన పోవువాడు వెబ్ చిరునామా చివర 'అధికారి = 1' అని చేర్చి అధికారియై లోనికి పోవచ్చును! ఒకరి సొంత పుటలో దీనివలన పోవునది లేదు. దుకాణములును, కార్యాలయములును అదే సాధనమును వాడినప్పుడు అది తెరచియుంచిన దొడ్డి తలుపు. 2002 ఏప్రిల్‌లో వెలువడిన 4.2 కూర్పులో ఈ సౌకర్యమును, కోరిననే తప్ప పనిచేయకుండునట్లు మార్చిరి. పూర్తిగా తొలగించినది 2012లో. అప్పటికే వ్రాయబడిన ప్రోగ్రాములు ఆగిపోవునను భయమే ఈ పదేండ్ల ఆలస్యమునకు కారణము.

ఇంతలో పనిముట్టు ఒక్కని చేతిలో నుండి పలువురి చేతులలోనికి పోయెను. ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్ విద్యార్థులు ఆండి గుట్మన్స్, జీవ్ సురాస్కీ అనువారు 1997లో తమ చదువులో భాగముగా ఒక వ్యాపార ప్రోగ్రాము వ్రాయుచు, పి.హెచ్.పి. చాలకపోవుట గమనించి దాని అంతర్భాగమును తిరిగి వ్రాసిరి. లెర్డార్ఫ్‌తో కలిసి వారు 1998 జూన్‌లో మూడవ కూర్పును వెలువరించిరి. పేరునకు 'పి.హెచ్.పి.: హైపర్‌టెక్స్ట్ ప్రిప్రాసెసర్' అని క్రొత్త అర్థము కల్పించిరి. తన నిర్వచనములో తానే చేరిన పేరు ఇది, తర్కశాస్త్రజ్ఞులు ఒప్పుకొనరు. ఆ మే నెల నాటికే సుమారు 60,000 డొమైనులలో పి.హెచ్.పి. జాడ కనబడినదని నెట్‌క్రాఫ్ట్ గణన తెలిపెను. లైనక్స్, అపాచీ, మైఎస్‌క్యూఎల్ అను ఉచిత సాఫ్ట్‌వేరులతో ఇది చక్కగా పొసగుట ఈ వ్యాప్తికి గొప్ప సహాయము.

జర్మనీలో మాగ్నస్ మాన్స్కే అను జీవశాస్త్ర విద్యార్థి వికీపీడియా కొరకు పి.హెచ్.పి.లో ఒక ప్రోగ్రాము వ్రాసెను. 2002 జనవరిలో వికీపీడియా దానికి మారెను. మరల తిరిగి వ్రాయబడి మీడియావికీ అయినది ఈ వరుసలోనిదే. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయ్యెను.

ఇక 18 సంగతి. కంప్యూటరు జ్ఞాపకములో స్థలమును బైట్లలో కొలుతురు. ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. ఇంగ్లీషు పత్రము కొరకు పుట్టిన పనిముట్టుకు బైటు వేరు, అక్షరము వేరు అను ఆలోచన రాలేదు. తెలుగునకు 1991 నుండి యూనికోడ్‌లో స్థానము కలదు. అందు "తెలుగు" అనునది త, ఎత్వము, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు సంకేతములు. వెబ్‌లో వాడు యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్కదానికి మూడు బైట్లు. ఆరు మూళ్లు పదునెనిమిది. శీర్షికకు 10 బైట్లే చాలునని ఈ మాటను కత్తిరించినచో "తెల" మిగిలి, దాని వెనుక కొమ్ములోని మూడింట ఒక వంతు ఏ అర్థము లేని గుర్తుగా కనబడును. చాలకాలము తెలుగు వెబ్ పుటలలో కనబడిన ప్రశ్నార్థకపు డబ్బాలలో కొన్ని ఇట్లు పుట్టినవే.

దీనిని మూలముననే సరిచేయుటకు ఆరవ కూర్పును తలపెట్టిరి. లోపల ప్రతి మాటను యు.టి.ఎఫ్.-16లో నుంచవలెనని నిశ్చయించిరి. ఇంగ్లీషు అక్షరమునకు కూడ రెండేసి బైట్లు కావలసివచ్చెను. మాటలను లోపలికి, వెలుపలికి మార్చుటలో వేగము తగ్గెను. పనిచేయువారి ఉత్సాహము సన్నగిల్లెను. 2010లో ఆ ప్రయత్నమును విడిచిపెట్టిరి. ఆరవ కూర్పు రానేలేదు. 2015లో వచ్చినది ఏడవది.

సంకేతములను లెక్కించి 6 అని చెప్పు ఫంక్షను ఒకటి, మనము బడిలో నేర్చుకొన్నట్లు 3 అని చెప్పు ఫంక్షను మరియొకటి ప్రత్యేక భాగములుగా పి.హెచ్.పి.కి చేరినవి. మొదటి ఫంక్షను మాత్రము నేటికిని 18 అనియే చెప్పును. భద్రపరచుటకు ఎంత స్థలము పట్టునో తెలియవలెనన్న ఆ జవాబే సరియైనది.