ఏ విద్య? ఏ శాఖ?
(ఇంజనీరింగు, విజ్ఞానశాస్త్రముల యెంపికనుగూర్చిన కొంత చరిత్ర)

ప్రతి సంవత్సరమును వేసవి ముగియుచుండగా మన యిండ్లలో నొక చర్చ పుట్టును. పిల్లవాడు ఇంటర్మీడియటు ముగించినాడు. ఇంజనీరింగున చేర్పవలెనా, బి.యస్సి.లో చేర్పవలెనా? ఇంజనీరింగైనచో నే శాఖ? మేనమామ యొకటి చెప్పును. పట్టణమున నుద్యోగము చేయుచున్న పెదతండ్రి కుమారుడు వేరొకటి చెప్పును. పొరుగింటివారి యల్లుడు అమెరికానుండి మఱియొకటి చెప్పును. పిల్లవాని నడుగుట కడపటి పని. ఆడుబిడ్డయైనచో నా కడపటి పనియు నొక్కొక్కప్పుడు మఱచిపోవుదురు.

మన సంఘపు విద్యానిధికి వచ్చు దరఖాస్తులను చదువు భారము కొన్నియేండ్లుగా మాపై నున్నది. ఆ కాగితములలో మేము కనిపెట్టిన సంగతి యొకటి కలదు. పేరు, ఊరు, మార్కులు విద్యార్థి దస్తూరిలో నుండును. ‘కోరిన శాఖ’ యను గడి మాత్రము తఱచుగా తండ్రిగారి దస్తూరిలో నుండును. ఆ గడిని చూచినప్పుడెల్ల దీని పూర్వచరిత్రను మన సోదరసోదరీమణుల యెదుట పెట్టవలెనని మాకు తోచుచుండెను. మేము తెలిసికొన్నంతవఱకు, ఈ దేశమున విద్యార్థి శాఖను ఎన్నుకొనుటకంటె, ఏ కాలమున నే తలుపు తెఱచియున్నదో ఆ తలుపే విద్యార్థిని ఎన్నుకొనుట హెచ్చు. ఆ తలుపులు తెఱచుటలో దాతలకు గల పాలు మాత్రము స్వల్పము కాదు.

మొదట ఇంజనీరింగు సంగతి. చెన్నపట్టణమున 1794లో మైకేల్ టాపింగ్ అను దొర సర్వే పాఠశాల నొకదానిని స్థాపించెను. కుంఫిణీవారికి దేశము చేతికి వచ్చుచుండెను, కొలుచువారు లేకుండిరి. ఆ కొఱత తీర్చుటయే పాఠశాలకు పరమార్థము. అదియే క్రమముగా పెరిగి 1859 నాటికి ఇంజనీరింగు కళాశాల యయ్యెను. 1920లో గిండీకి మారెను. ఇంతలో మన గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట 1847 మొదలు 1852 వఱకును, పిమ్మట కృష్ణపై బెజవాడ ఆనకట్టయు కట్టబడినవి. కాటన్ దొర పేరు మన డెల్టా గ్రామములలో నేటికిని పూజ్యముగా వినబడుచున్నది. కాలువలు, లాకులు, వంతెనలు, రోడ్లు, వీని కన్నిటికిని పని చేయువారు కావలెను; వారికి జీతమిచ్చువాడు సర్కారొక్కడే. కనుక ఇంజనీరింగనగా సివిల్ ఇంజనీరింగే యని, ఇంజనీరనగా మరామత్తు శాఖవాడే యని జనులలో నాటుకొనిపోయెను. ఇది యొకరి యభిరుచివలన కలిగినది కాదు. కొలువు నొకచోటనే యుంచిన కాలపు ఫలము.

ఆ కాలమున శాస్త్రమునకును ఇంజనీరింగునకును ఇప్పటివలె గోడ కూడ లేదు. మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారి చదువే యిందుకు నిదర్శనము. వారి పూర్వులు మన మోక్షగుండము గ్రామమువారు; వారు పుట్టి పెరిగినది మైసూరు సీమ. బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో 1881లో బి.ఎ. ముగించిరి. ఇంటిలో ధనము లేదు. పిల్లలకు పాఠములు చెప్పి చదువుకొనిరి. పిదప మైసూరు ప్రభుత్వమువారు విద్యార్థివేతన మిచ్చి పూనాకు పంపిరి. అచ్చట వారు సివిల్ ఇంజనీరింగు చదివిన కళాశాల పేరు ‘సైన్సు కళాశాల’. 1883లో పరీక్షయందు ప్రథములుగా నుత్తీర్ణులై, మరుసటి సంవత్సరము బొంబాయి ప్రభుత్వపు కొలువున చేరిరి. 1908లో మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచిన పిమ్మట, నిజాము ప్రభుత్వము వారినే పిలిపించెను. ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరము వారి యాలోచనలనుండి పుట్టినవే. ఆ మైసూరు వేతనమే లేకున్నచో బి.ఎ. పట్టముతో నేదో కచేరిలో గుమాస్తాగా నుండిపోయెడివారేమో యని మే మూహించుట తప్పు కాదనుకొందుము.

విజ్ఞానశాస్త్రముల గతి వేరు. దానికి కొలువు లేదు. సి. వి. రామన్ పండితునివంటివారే 1907లో చెన్నపట్టణ ప్రెసిడెన్సీ కళాశాలయందు భౌతికశాస్త్రమున ఎం.ఎ. ప్రథమశ్రేణిలో ముగించి, ఆర్థికశాఖలో లెక్కల యధికారిగా కలకత్తా పోవలసివచ్చెను. పగలు కచేరిలో లెక్కలు, ప్రొద్దుటను రాత్రియు పరిశోధన! పదియేండ్లు గడచిన పిమ్మట కలకత్తా విశ్వవిద్యాలయమున పాలిత్ ఆచార్యపీఠము లభింపగా, జీతము తగ్గునని తెలిసియు 1917లో కొలువు విడిచిరి. ఆ పీఠము తారకనాథ పాలిత్ అను న్యాయవాది యిచ్చిన దానమువలన నేర్పడినది. 1928 ఫిబ్రవరి 28వ తేదీని లోకమునకు తెలిసిన రామన్ ఫలితమునకు వెనుక నొక వకీలు సంపాదించిన సొమ్ము కలదని మన దాతలు గుర్తుంచుకొందురుగాక.

ఆ సంవత్సరమే కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతముగారు, హైదరాబాదు నిజాం కళాశాలలో బి.యస్సి. ముగించి, కలకత్తాలో రామన్ గారి శిష్యవర్గమున చేరిరి. అప్పుడు వారికి ఇరువది యేండ్లు కూడ నిండలేదు. భౌతికశాస్త్రము చదివినచో నేమి తినవలెనని వారి బంధువులలో నెవరో యొక రడిగియే యుందురు. మన బంధువులు మారలేదు కదా! వారి కన్నము పెట్టినది మన ఆంధ్ర విశ్వవిద్యాలయము. 1926లో కట్టమంచి రామలింగారెడ్డిగారు ఉపాధ్యక్షులుగా నేర్పడిన యీ విశ్వవిద్యాలయమునకు జయపుర మహారాజు విక్రమదేవవర్మగారు చేసిన దానముతో విజ్ఞాన సాంకేతిక కళాశాల కలిగెను. దానికి వారి పేరే పెట్టిరి. భగవంతముగారు అచ్చట భౌతికశాస్త్రాచార్యులై, తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులును, 1957లో బెంగుళూరు విజ్ఞానసంస్థకు అధ్యక్షులును, పిమ్మట దేశరక్షణ మంత్రికి శాస్త్రసలహాదారులును అయిరి. పీఠము లేనిచోట శాస్త్రజ్ఞుడు నిలువడు. పీఠమునకు ధనము కావలెను.

ఇక్కడ మేము కొంచెము దారి తప్పి వైద్యము చదివిన యొకరినిగూర్చి చెప్పెదము. భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషనులో రెండుమారులు తప్పి మూడవమారు నెగ్గినవారు. పిదప ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, చెన్నపట్టణ వైద్యకళాశాలలో చేరిరి. ఖద్దరు ధరించి శస్త్రశాలకు పోయినందున ఆచార్యుని యాగ్రహమునకు గురియై ఎం.బి.బి.యస్.కు మారుగా తక్కువదైన ఎల్.ఎం.యస్. పట్టమే పొందిరి. ఉష్ణమండల వ్యాధుల చదువుకై అమెరికా పోదలచినప్పుడు, మామగారి సహాయముతోపాటు, కాకినాడయందలి మల్లాడి సత్యలింగనాయకర్ ధర్మసంస్థ సహాయ వాగ్దానము చేసెను. సత్యలింగనాయకర్ గారు రంగూనులో వర్తకముచేసి గడించిన ధనమును ధర్మమునకు వ్రాసిపోయినవారు. దాత యొక కులము, విద్యార్థి యొక కులము. ఇది మన సంచికలో చెప్పవలసిన మాటయని చెప్పుచున్నాము. సుబ్బారావుగారు హార్వర్డులో వైద్యమునకు మారుగా జీవరసాయన శాస్త్రమున మునిగిపోయి, ఫిస్కె పండితునితో కూడి కండరములలోని భాస్వర పదార్థములను కనిపెట్టిరి. ఫోలిక్ ఆమ్లపు నిర్మాణము, ఆరియోమైసిన్ మందు, వారి నాయకత్వమున బయటపడినవి. 1948లో మరణించిరి. పట్టముమీద వ్రాసిన శాఖ యొకటి, జన్మమంతయు చేసిన పని యింకొకటి. పదునేడేండ్ల ప్రాయమున గడిలో వ్రాసిన మాటకు మన మిచ్చు బరువు మితిమీరినదేమో యని వారి చరిత్ర చదివినప్పుడు తోచును.

ఇక గిండీకి మరలుదము. అచ్చట 1894లో మెకానికల్, 1930లో ఎలెక్ట్రికల్ శాఖలు పట్టపుచదువులుగా చేరినవి. సర్కారు మరామత్తుకు వెలుపల రైళ్లు, మిల్లులు, విద్యుచ్ఛక్తి వచ్చినకొలది శాఖలు పెరిగెను. కాని తమిళ, ఆంధ్ర, కేరళ, కర్ణాట జిల్లాలన్నిటికిని అది యొక్కటే ద్వారము. స్థలము చిక్కని తెలుగు బాలురు పలువురు, మాలవీయ పండితుని విశ్వవిద్యాలయమున 1919లో ఆరంభమైన ఇంజనీరింగు కళాశాలకై కాశికి పోయిరి.

ఆ గిండీలోనే 1940లో నొక తెలుగు యువతి ప్రవేశించెను. అయ్యలసోమయాజుల లలితగారి తండ్రి పప్పు సుబ్బారావుగారు ఆ కళాశాలయందే ఎలెక్ట్రికల్ ఇంజనీరింగు ఆచార్యులు. లలితగారికి పదునైదవ యేట వివాహమైనది. పదునెనిమిదవ యేట బిడ్డ పుట్టిన నాలుగు మాసములకే భర్త పోయెను. ఆనాడు అట్టి బాలవితంతువుల బ్రతుకు మన పెద్దలకు తెలియనిది కాదు. ఆమె తండ్రియింట చేరి, క్వీన్ మేరీ కళాశాలలో ఇంటర్మీడియటు ప్రథమశ్రేణిలో ముగించెను. వైద్యము చదువు నుద్దేశము మొదట లేకపోలేదు. వైద్యురాలిని ఏ యర్ధరాత్రియైనను పిలుతురు; చంటిబిడ్డను విడిచి పోజాలదు. పగటిపూట ముగియు కొలువు కావలెను. తండ్రియు సోదరులును నడచిన దారియే ఆమెకును నచ్చెను. కళాశాలాధ్యక్షుడైన చాకోగారును విద్యాశాఖాధికారులును సమ్మతింపగా, వందలకొలది పురుషుల నడుమ ఎలెక్ట్రికల్ శాఖలో చేరెను. కొలది మాసములలోనే మఱి యిద్దఱు స్త్రీలు సివిల్ శాఖలో ప్రవేశించిరి. ముగ్గురును పట్టభద్రులైనప్పుడు, అచ్చువేసిన పత్రముపై పురుషవాచకమే యుండగా, దానిని కొట్టి స్త్రీవాచకము వ్రాసి యిచ్చిరి.

మేము దీనిని విపులముగా వ్రాయుటకు కారణము కలదు. శాఖ నెన్నుకొనుటయనగా నేమో యీమె చరిత్రవలె చూపునది మఱియొకటి మాకు కనబడలేదు. జీతమెంత యని యామె మొదట చూడలేదు, కీర్తి చూడలేదు. ఈ పని చేయుచు నా బిడ్డను పెంచగలనా యని చూచినది. తండ్రి తెలిసినవాడై యుండియు, నిర్ణయము ఆమెదే. తరువాత ఆమె కలకత్తాలో అసోసియేటెడ్ ఎలెక్ట్రికల్ ఇండస్ట్రీస్ అను కంపెనీలో పనిచేసి, భాక్రా నంగల్ విద్యుత్తునకు సంబంధించిన తీగల నిర్మాణపు లెక్కలలో పాల్గొనెను. 1964లో న్యూయార్కున జరిగిన స్త్రీ ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మొదటి యంతర్జాతీయసభకు పోయెను. 1979లో మరణించెను.

తెలుగుదేశమునకు స్వంత ద్వారములు ఆలస్యముగ వచ్చెను. హైదరాబాదున ఉస్మానియా ఇంజనీరింగు కళాశాల 1929లో నేర్పడెను. అచ్చటి బోధన ఉర్దూలో. సర్కారు జిల్లాలకు 1946లో విశాఖపట్టణమున కళాశాల యారంభమై పిదప కాకినాడకు మారినది. రాయలసీమకు అనంతపుర కళాశాల యా సంవత్సరమే పుట్టి, కొన్నాళ్లు గిండీలోనే తలదాచుకొనెను. వరంగల్లున 1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల వచ్చెను. స్వాతంత్ర్యానంతరము ఆనకట్టల కాలము మరల రాగా సివిల్ శాఖకు మరల వెలుగు కలిగెను. కంకిపాడున పుట్టి, బాల్యమున నొక కంటిచూపు పోయినను గిండీలో చదివి, బర్మింగుహాములో డాక్టరేటు పొందిన కానూరి లక్ష్మణరావుగారు నాగార్జునసాగర నిర్మాణమున ప్రముఖులు. 1967లో ఇ.సి.ఐ.ఎల్. నెలకొల్పబడగా ఎలక్ట్రానిక్సు పేరు మన యిండ్లకు వచ్చెను. దాని స్థాపకులు అయ్యగారి సాంబశివరావుగారు మొదట చదివినది ఇంజనీరింగు కాదు; కాశీలో భౌతికశాస్త్రము. ఇంజనీరింగు పట్టము పిమ్మట స్టాన్ఫర్డులో పొందిరి.

తరువాతి కథ మీ రెఱిగినదే. 1977లో విజయవాడయందు సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల పుట్టినదాదిగా ప్రైవేటు కళాశాలలు పెరిగినవి. 1986లో ఎంసెట్ పరీక్ష వచ్చినది. హైదరాబాదున కంప్యూటర్ల వ్యాపారము కుదురుకొన్నది. నేడు ఒకే శాఖకై పోటీ, సివిల్, మెకానికల్ శాఖలలో బల్లలు ఖాళీ. మా తాతలకు సివిల్ తప్ప వేరు కనబడలేదు. మా మనుమలకు కంప్యూటరు తప్ప వేరు కనబడుటలేదు. శాస్త్రము చదువదలచినవారికి మాత్రము ముందెన్నడును లేని వీలు కలిగినది. బెంగుళూరు విజ్ఞానసంస్థ 2011 నుండి ఇంటర్మీడియటు ముగించినవారినే నాలుగేండ్ల పట్టమునకు చేర్చుకొనుచున్నది. తిరుపతిలో 2015లో ఐసర్ అను శాస్త్రవిద్యాసంస్థ వచ్చెను. అందు ప్రవేశమునకు దరఖాస్తు పెట్టుకొనువారు మన సంఘమున ఎందఱు? మేము చూచిన కాగితములలో వ్రేళ్లపై లెక్కింపదగినవారే.

తప్పు పిల్లలది కాదు. మన విద్యానిధి నిబంధనలలో ‘ఇంజనీరింగు, వైద్యము’ అను రెండు మాటలే యున్నవి. అవి వ్రాసిన పెద్దలకు మేము నమస్కరింతుము; వారి కాలమున నిల్లు నిలుపు చదువు లవి. గడచిన సంవత్సరము ఒక రైతు కుమార్తె భౌతికశాస్త్రమున బి.యస్సి. చదువుటకై సహాయము కోరెను. ఆమె మార్కులు మేము వేతనమిచ్చిన పలువురి మార్కులకంటె హెచ్చు. ‘కోరిన శాఖ’ యను గడి యామె స్వహస్తముతోనే నింపెను. నిబంధన చూపి మేము కాదంటిమి. ఆ జాబుపై సంతకము చేసినవారిలో మేమును ఒకరము.

నిబంధనలో ‘విజ్ఞానశాస్త్రములు’ అను మాట చేర్పవలెననియు, శాఖ గడిని విద్యార్థియే స్వయముగా నింపవలెననియు మేము వ్రాసి యిచ్చిన సవరణ రెండవనాటి సభలో చర్చకు వచ్చును. దాత లెవరైన శాస్త్రవిద్యార్థులకై ప్రత్యేకముగా వేతనము నెలకొల్పదలచినచో, ఆనాటి యుదయమే కోశాధికారిగారికి తెలుపగోరెదము. ఆ బాలిక యిప్పుడు రెండవ సంవత్సరమున చదువుచున్నది. ఆమె దరఖాస్తు ఇంకను మా యొద్దనే యున్నది.