తెలుగు టైపింగ్ పద్ధతులు

కంప్యూటర్‌లోకి, ఫోన్‌లోకి తెలుగు రాతను ఎక్కించే విధానాలు. మనిషికీ కంప్యూటర్‌కీ మధ్య వ్యవహారాన్ని పరిశీలించే శాస్త్రంలో ఇదొక అంశం. తెలుగులో కంటికి కనబడే అక్షరం వేరు, యంత్రం దాచుకునే సంకేతాలు వేరు. ఆ రెంటికీ పొత్తు కుదర్చడమే ఈ పద్ధతుల పని.

అక్షరం, సంకేతం

నెల్లూరు జిల్లాలోని రైల్వే ఊరు బిట్రగుంట పేరులో చదువరికి కనిపించేవి నాలుగు అక్షరాలు: బి, ట్ర, గుం, ట. యూనికోడ్‌లో అవి తొమ్మిది సంకేతాలు: బ, గుడి, ట, పొల్లు, ర, గ, కొమ్ము, సున్న, ట. రావత్తుకు విడి సంకేతం లేదు. పొల్లు తర్వాత ర వస్తే అదే వత్తవుతుంది. చిక్కంతా దిద్దుబాటు దగ్గరే. చాలాచోట్ల బాణం మీట ‘ట్ర’ను ఒక్క అంగలో దాటిస్తుంది, బ్యాక్‌స్పేస్ మాత్రం ర ఒక్కదాన్నే చెరిపి ‘ట్’ను మిగులుస్తుంది.

ఇన్‌స్క్రిప్ట్

1986లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ ప్రమాణీకరించిన అమరిక. తర్వాత 1991 నాటి ఐఎస్ 13194 ప్రమాణంలో చేరింది. అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి, హల్లుల్లో ఎక్కువ భాగం కుడిచేతికి వస్తాయి. ఒకే ధ్వనికి భారతీయ లిపులన్నింటా ఒకే మీట. ‘బిట్రగుంట’కు తొమ్మిది నొక్కులు చాలు, షిఫ్ట్ అక్కర్లేదు.

లిప్యంతరీకరణ

ఇంగ్లీషు మీటలతో తెలుగు ధ్వనులు కొట్టే పద్ధతి. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రామారావు కన్నెగంటి, ఆనంద కిశోర్ ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతిని రూపొందించారు. 2006లో వీవెన్ తెచ్చిన ‘లేఖిని’ అనే వెబ్ పనిముట్టు ఈ బాటదే. ఇందులో ‘బిట్రగుంట’కు పది నొక్కులు, ‘ట’ వచ్చిన రెండుచోట్లా షిఫ్ట్ కూడా పట్టుకోవాలి.

శ్రమ కొలత

స్టూవర్ట్ కార్డ్, థామస్ మొరాన్, అలెన్ న్యూవెల్ 1980లో ప్రకటించిన నమూనా మీట నొక్కులతో పాటు, చేయబోయే పనిని తలచుకునే వ్యవధినీ లెక్కిస్తుంది. ఆ తలపుకు సుమారు 1.35 సెకన్లు, ఒక నొక్కుకు పట్టేది అందులో కొద్ది వంతే. నొక్కులు తక్కువైనా ఇన్‌స్క్రిప్ట్ కొత్తవారికి ఎందుకు బరువో దీన్నిబట్టి తెలుస్తుంది: ప్రతి మీటకూ వెతుక్కోవాలి. ఇంగ్లీషు కీబోర్డు అలవాటైనవారికి లిప్యంతరీకరణలో ఆ వెతుకులాట ఉండదు.

మాటతో రాత

చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి మాటను గుర్తించే పరిశోధనకు ఆద్యుల్లో ఒకరు. ఆయన నేతృత్వంలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తయారైన ‘హార్పీ’ 1976లో సుమారు వెయ్యి ఇంగ్లీషు మాటలను గుర్తించింది. 1994లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు లభించింది. నేడు ఫోన్‌లో తెలుగు మాట్లాడి రాయించవచ్చు. యంత్రం ఊరి పేరును తప్పు వింటే మాత్రం మళ్లీ మీటలతోనే దిద్దుకోవాలి.