రాతినీరు, ఏటినీరు

కృష్ణానదికి కొలది ఆమడల దూరములో నివసించుచును, ఆ నది నీరు తమ కుండలలోనికి వచ్చుటకై తరములకొలది ఎదురుచూచిన పల్లెలు నల్లగొండ జిల్లా పశ్చిమభాగమున ఎన్నో కలవు. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి, దేవరకొండ ప్రాంతముల గ్రామములు ఏటికి దూరమగుటచేత కాక, ఏటికంటె ఎత్తున నుండుటచేత మంచినీటికి ముఖము వాచినవి. అచటి నేల చాలవఱకు ఎఱ్ఱని చెలక. దానిక్రింద కొద్ది లోతుననే తగులు రాయి రెండువందల కోట్ల ఏండ్లకు పైబడిన వయస్సు గల గ్రానైటు, నైస్ శిలల సమూహము. ఆ శిలలలోని అభ్రకమున, ఫ్లోరస్పార్ అను ఖనిజమున, అపటైటు అను మరియొక ఖనిజమున ఫ్లోరిన్ అను మూలకము బంధింపబడి యున్నది. వానలు సమృద్ధిగా కురిసి నీరు పాఱిపోవు దేశములలో ఇది యెవరికిని హాని చేయదు. కాని వర్షము చాలక, ఎండ మెండై, రాతిపగుళ్లలో నిలిచిన నీరు ఏండ్లతరబడి ఆ శిలను ఒరసికొని యుండుచోట, అందును ఆ నీటిలో సున్నపుపాలు తగ్గి క్షారగుణము హెచ్చినచోట, ఫ్లోరైడు మెల్లమెల్లగా కరగి నీటిలో చేరును. దానికి రంగు లేదు, వాసన లేదు, నాలుకకు తెలియదగిన రుచియు లేదు. లీటరు నీటికి ఒక మిల్లీగ్రాము మించకుండుట మేలనియు, వేఱొక గతి లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వఱకు సహింపవచ్చుననియు మన దేశపు ప్రమాణము. నల్లగొండ పల్లెలలో పెక్కు బావుల నీరు ఈ హద్దును ఎన్నో రెట్లు దాటి యుండెను.

ఇట్టి నీరు కలిగించు వ్యాధిని ఫ్లోరోసిస్ అందురు. దాని కారణమును లోకము కనుగొన్న కథ పండ్లతో మొదలైనది. 1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణమున వైద్యము ప్రారంభించిన ఫ్రెడరిక్ మెకే అను యువ దంతవైద్యుడు, అచ్చట పుట్టి పెరిగినవారి పండ్లపై గోధుమవర్ణపు మచ్చలుండుట గమనించి, ఇది నీటివలన కలుగు దోషమని శంకించి, ముప్పది యేండ్లు దాని వెంట బడెను. 1931లో ఒక అల్యూమినియము కంపెనీ రసాయనశాస్త్రజ్ఞుడైన చర్చిల్ నీటిని శోధించి అందలి ఫ్లోరైడును పట్టి చూపెను. మఱుసటి యేడు డెన్మార్కులో క్రయొలైటు అను ఫ్లోరిన్ ఖనిజమును చూర్ణముచేయు కార్మికుల యెముకలు అసాధారణముగా గట్టిపడియుండుట వైద్యులకు ఎక్స్‌రే చిత్రములలో గోచరించెను. పంటికి పట్టిన మచ్చకును ఎముకకు పట్టిన రోగమునకును మూలమొక్కటే యని ఈ విధముగా తెలియవచ్చెను.

ఈ జ్ఞానము తెలుగునేలకు చేరుటకు ఎక్కువకాలము పట్టలేదు. 1937లో, గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ అధ్యక్షుడైన షార్ట్ తన సహచరులతో కూడి, నాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములలో ప్రబలిన వ్యాధిని పరిశీలించి, అది త్రాగునీటి ఫ్లోరైడువలన కలిగినదేయని ప్రకటించెను. ఈ ప్రాంతములు పిదప ప్రకాశము జిల్లాలో చేరినవి. భారతదేశమున ఫ్లోరోసిస్ తొలిసారిగా మనుష్యులయందు గుర్తింపబడినది ఇచ్చటనే. అనంతరకాలమున మలేరియా పరాన్నజీవి మానవుని కాలేయములో దాగు దశను గార్న్‌హామ్‌తో కలసి కనుగొన్న షార్ట్ ఈతడే. ఆ మలేరియా పరిశోధనకు వచ్చిన కీర్తిలో దర్శి, పొదిలి పల్లెల పని మఱుగుపడుట నాకు విచారకరముగా తోచును. ఏలయన, ఏ ఊరి బావి ఎంత ప్రమాదకరమో తెలిసికొనుటకు కావలసిన మార్గమంతయు ఆ పల్లెల పరిశోధనలోనే యున్నది.

వ్యాధి తన పనిని రెండు విడతలుగా చేయును. పాలపండ్లు ఊడకమునుపే కొత్తపండ్లు చిగుళ్లలోపల రూపొందు శైశవమున ఫ్లోరైడు పింగాణిపొర కూర్పును చెఱచును; మొలచిన పంటిపై మొదట సున్నము రాచినట్లు తెల్లని చాఱలు, పిదప పసుపు, ఆపై గోధుమవన్నె అడ్డగీతలు కనబడును. ఎంత తోమినను పోని ఆ మచ్చను ఊరివారు గార యందురు. బయటి ఊళ్లలో సంబంధములు వెదకునపుడు ఆ గారపండ్లే ఆడపిల్లకు అడ్డు వచ్చెడివి. రెండవ విడత ఏండ్లు గడచిన పిదప వచ్చును. ఎముకలోని ఖనిజమున హైడ్రాక్సిల్ ఉండవలసిన స్థానమున ఫ్లోరైడు చొరబడి, ఎముకను దట్టపఱచుటయే కాక, కండరబంధములను సయితము ఎముకగా మార్చును. మెడ తిరుగదు, నడుము వంగదు, వెన్నెముక యందలి పూసలన్నియు ఒకదానితో నొకటి అతుకుకొని వెదురుగడవలె ఏకఖండమగును. చివరకు వెన్నుపాము నొక్కుకొనిపోయి కాళ్లు చచ్చుపడును. గూనితో వంగిపోయి, తలయెత్తి ఎదుటివాని ముఖము చూడలేక, ప్రక్కకు తిరిగి మాటలాడు నలువదేండ్లవారు ఆ పల్లెలలో ఉండెడివారు. వంగిన యెముకను సరిచేయు మందు నేటికిని లేదు.

నల్లగొండ జిల్లాలోని వ్యాధిని గూర్చి హైదరాబాదు వైద్యుడు సిద్దిఖీ వ్రాసిన వివరమైన వ్యాసము 1955 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ యందు వెలువడెను. అదే నెల 10వ తేదీన జవాహర్‌లాల్ నెహ్రూ నందికొండయొద్ద నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. ఒకే జిల్లాను గూర్చిన ఈ రెండు సంఘటనలును ఒకే నెలలో జరిగినవి. కాని ఒకదానితో రెండవదానిని ముడిపెట్టి ఆలోచించినవారు నాడు కనబడరు. 1967లో కాలువలకు నీరు వదలిరి. ఎడమకాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపున పల్లపు భూములను మాగాణిగా మార్చెను. కాలువనీరు పల్లమునకే పాఱును గదా! దేవరకొండ, మునుగోడు, మర్రిగూడ మెట్టలు ఆ కాలువమట్టమునకు మీదనే యుండిపోయినవి. ఆనకట్ట గల జిల్లాయే ఆనకట్ట నీటికి నోచుకొనకపోవుటకు ఈ యెత్తే కారణము. ఎత్తిపోయుటకు యంత్రములు కావలెను, యంత్రములకు కరెంటు కావలెను, అన్నిటికి మించి, త్రాగునీటికై అంత వ్యయము చేయదగునను నిశ్చయము కావలెను. ఆ నిశ్చయమునకు అర్ధశతాబ్దము పట్టెను.

ఈ మధ్యకాలమున నీరు తెచ్చుకొను ఆచారమే మారిపోయినది. పూర్వము ఈ పల్లెలవారు చెరువులక్రింది ఊటబావులు, దిగుడుబావులు, వాగు చెలమలు ఆశ్రయించి బ్రదికిరి. ఆ నీటిలో ఏటేట కురిసిన వాననీటిపాలు ఎక్కువ. కాని కలరాయు, దిగుడుబావుల నీరు త్రాగువారికి సోకు నారికురుపును ఆ నీటినుండియే వచ్చెడివి. 1967నాటి కరవు తరువాత రాతిని తొలుచు రిగ్గులు దేశమునకు వచ్చినవి. తరువాతి దశాబ్దమున రూపొందిన ఇండియా మార్క్ 2 చేతిపంపు ఊరూర వెలసెను. బోరింగు నీటిలో క్రిములు లేవు. నారికురుపు మనదేశమునుండి తొలగినదని 2000లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువపఱచుటలో ఈ పంపుల పాత్ర మిక్కిలి గొప్పది. ఐనను గ్రానైటు ప్రదేశములలో గొట్టము ఎంత లోతుకు దిగిన, నీరు శిలతో గడపిన కాలము అంత హెచ్చు. ఫ్లోరైడును తఱచుగా అంత హెచ్చు. ఒక రోగమును తరిమిన పంపే మరియొక రోగమును ఇంటింటికి తెచ్చెను. ఇందు పంపు వేసినవారి దురుద్దేశ మేమియు లేదు. క్రిములకొఱకు నీటిని పరీక్షించినవారు ఫ్లోరైడుకొఱకు పరీక్షింపకపోవుటయే జరిగిన లోపము. ఆ లోపమునకు మూల్యము చెల్లించినవారు పసిపిల్లలు.

1970వ దశకమున హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఈ వ్యాధిని కొత్త కోణమున చూచెను. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో, ఫ్లోరోసిస్ ప్రాంతపు యువకులలో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి ఒరసికొను వైకల్యమును వర్ణించిరి. జొన్న ప్రధానాహారముగా గలవారి శరీరమున వరియన్నము తినువారికంటె ఫ్లోరైడు ఎక్కువగా నిలుచునని అదే సంస్థ తరువాత చూపెను. గట్కయు జొన్నరొట్టెయు తిని కష్టించు పేదకే ఈ నీరు ఎక్కువ కీడుచేసినదన్నమాట. పాలు, కాల్షియము, సి విటమిను తగినంత దొరకని శరీరమున వ్యాధి మఱింత తీవ్రమగును. దీనికి ప్రతిగా, మన వంటింటి చింతపండు మూత్రముద్వారా ఫ్లోరైడు వెడలిపోవుటకు తోడ్పడునని ఆ సంస్థవారే 2002లో ప్రకటించిన పరిశోధనలో తేలెను. పులుసు వ్యాధిని మాన్పునని దీని యర్థము కాదు. చెడునీరు త్రాగక తప్పనివారికి అది కొంత ఊరట.

1970వ దశకముననే నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనా సంస్థవారు నీటినుండి ఫ్లోరైడును తొలగించు సులభపద్ధతి నొకదానిని రూపొందించి, దానికి నల్లగొండ పద్ధతి యని పేరిడిరి. దాని పనితీరును దగ్గఱనుండి చూడదగును. అడుగునుండి మూడునాలుగు సెంటీమీటర్ల ఎత్తున కుళాయి బిగించిన నలువది లీటర్ల బకెట్టులో బోరునీరు నింపుదురు. అందు కొంచెము సున్నమును, బ్లీచింగ్ పౌడరును కలిపి, పటికనీటిని పోసి, మొదట వడిగా త్రిప్పి, పిదప పది నిముషములు తెడ్డుతో నెమ్మదిగా కలియబెట్టుదురు. సున్నము పటికలో ఇరువదవవంతో ఇరువదియైదవవంతో చాలును. కొంతసేపటికి నీటిలో దూదిపింజలవంటి తెల్లని మడ్డి తేలియాడి, ఫ్లోరైడును తనతో పట్టుకొని మెల్లగా అడుగున చేరును. ఒక గంట కదపక ఉంచి, పైనున్న తేటనీటిని కుళాయిద్వారా పట్టుకొని, మడ్డిని పారబోయవలెను. కరెంటు అక్కఱలేదు, విదేశపు యంత్రము అక్కఱలేదు, పటిక, సున్నము ఏ సంతలోనైనను దొరకును. కెన్యా, టాంజానియా, ఇథియోపియా దేశములవారు సైతము దీనిని ప్రయోగించి చూచిరి. తెలంగాణపు జిల్లా పేరు ఆఫ్రికాఖండపు ఇంజనీర్ల పుస్తకములకు ఎక్కినది ఈ బకెట్టు మూలముననే.

ఐనను ఈ పద్ధతి నల్లగొండను గట్టెక్కింపలేదు. ఎంత పటిక వేయవలెనో నీటి క్షారమును, ఫ్లోరైడును బట్టి మారును. ఒక బావికి చెల్లిన కొలత ప్రక్కబావికి చెల్లదు. ఎక్కువైన రుచి చెడును, నీటిలో అల్యూమినియమును సల్ఫేటును మిగులును. తక్కువైన ఫ్లోరైడు పోదు. మడ్డిని ఎచ్చట పారబోయవలెనను సమస్య యుండనే యున్నది. అన్నిటికంటె పెద్ద చిక్కు, ప్రొద్దుగూకిన పిదప పొలమునుండి వచ్చిన స్త్రీ ప్రతిదినమును ఏడాదిపొడవున ఈ తంతును జరుపవలసి యుండుట. ఫలితము కంటికి కనబడదు. మానివేసినను నేడు గాని రేపు గాని ఏమియు కాదు. రసాయనశాస్త్రము తప్పు చెప్పలేదు. అలసిన గృహిణి శ్రమపై ఆధారపడిన వైద్యమును ప్రభుత్వము తన కర్తవ్యమునకు బదులుగా ఎంచుటయే తప్పు. ఊరుమ్మడి శుద్ధికేంద్రముల గతియు పలుచోట్ల ఇంతే. రసాయనములు కొను డబ్బు లేక, నడుపువారు లేక మూలబడినవి.

విసిగిన ప్రజలు 1996లో లోక్‌సభ ఎన్నికలను తమ మొఱకు వేదికగా చేసికొనిరి. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వమున జలసాధన సమితి పిలుపు నందుకొని నల్లగొండ స్థానమునకు నామపత్రములు వెల్లువగా వచ్చి పడెను. తుదకు బరిలో నిలిచినవారు 480 మంది. ఒక కాగితముపై ఇన్ని పేర్లు పట్టక బ్యాలెట్ పత్రము పుస్తకమువలె తయారయ్యెను. గెలుపు వారి ధ్యేయము కాదు. వారికి కావలసినది కృష్ణనీరు. ఆ యేడే పార్లమెంటు చట్టమును సవరించి లోక్‌సభ అభ్యర్థి ధరావతును 500 రూపాయలనుండి 10,000 రూపాయలకు పెంచెను. మొఱపెట్టుకొను ద్వారము ఇరుకైనది. నీరు మాత్రము వెంటనే రాలేదు.

2004లో నాగార్జునసాగరపు నీరు పుట్టంగండి యొద్ద ఎత్తబడి, అక్కంపల్లి జలాశయము మీదుగా, గొట్టములలో హైదరాబాదునకు చేరెను. రాజధాని దాహమునకు నీటిని ఎత్తగలిగిన విజ్ఞానము, అదే త్రోవన గల పల్లెలకు ఎత్తజాలదని ఇక నెవరును చెప్పజాలకపోయిరి. క్రమముగా కొన్ని గ్రామములకు కృష్ణనీరు వచ్చెను. కొన్నిచోట్ల రివర్స్ ఆస్మాసిస్ యంత్రములు వెలసి, ఇరువది లీటర్ల క్యాన్లలో నీటిని విక్రయించు వ్యాపారము బయలుదేఱెను. ఆ యంత్రము శుద్ధిచేయు నీటితోపాటు, సాంద్రమైన ఫ్లోరైడుతో కూడిన వ్యర్థజలమును మోరీలలోనికి వదలుచుండును. 2015 జూన్‌లో చౌటుప్పలయొద్ద పైలాను ఆవిష్కరణతో మొదలై, 2016లో గజ్వేలు ప్రాంతపు కోమటిబండలో తొలిదశ ప్రారంభమైన మిషన్ భగీరథ, గోదావరి కృష్ణల నీటిని శుద్ధిచేసి నల్లాల ద్వారా ఇండ్లకు పంపుచున్నది. 2015లో తెలంగాణమున 967గా ఉన్న ఫ్లోరైడు పీడిత ఆవాసముల సంఖ్య 2020 నాటికి సున్నయైనదని కేంద్రప్రభుత్వపు లెక్క.

ఇది సామాన్యమైన విజయము కాదు; దీనికై శ్రమించిన ఇంజనీర్లను, పోరాడిన పల్లెవారిని మనసార అభినందింపవలెను. ఐనను ఆ సున్న, త్రాగునీటి సరఫరాను గూర్చిన సున్న మాత్రమే. గొట్టము పగిలి నాలుగు దినములు నల్లా రాకున్న ఊరివారు తిరిగి బోరింగునే ఆశ్రయింతురు. పొలములకు పాఱునది నేటికిని ఎక్కువచోట్ల బోరునీరే. ఆ నీటితో పండిన కూరలు, ఆ నీటిని త్రాగు గొడ్ల పాలు వంటింటికి వచ్చుచున్నవి. శివన్నగూడెము జలాశయముతో మర్రిగూడ మెట్టలకు సాగునీరు తేదలచిన డిండి ఎత్తిపోతలకు 2015లో శంకుస్థాపన జరిగినది. మునుపటి తరమువారి ఎముకలు ఎట్లున్నను, నల్లానీరు వచ్చిన పిదప పుట్టిన పిల్లలకు ఇప్పుడిప్పుడే శాశ్వతదంతములు మొలచుచున్నవి. ప్రతి పాఠశాలలోను ఆ పండ్లను ఏటేట పరీక్షించి, ఊరివారీగా వ్రాసియుంచవలెను. లెక్కలలోని సున్నయందు నిజమెంతయో ఆ పట్టికలే తెలుపును.