కాబూల్ చలిలో బాబర్ నాటిన ఆలూబాలూ

టొరంటోలో ఇల్లు కొనుక్కున్న మా చెల్లెలి బిడ్డ మొన్న ఫోన్ చేసింది. "మామూ, పెరట్లో పెట్టిన కరివేపాకు చచ్చిపోయింది. నిమ్మ చెట్టూ పోయింది. ఈ మంచులో మన చెట్టు ఒక్కటీ బతకదా?" ఆమె బాధ చెట్ల గురించి మాత్రమే కాదని నాకర్థమైంది. అందుకే బాబర్ కథ చెప్పాను.

బాబర్‌ది ఫర్గానా. సమర్ఖంద్ గెలిచాడు, పోగొట్టుకున్నాడు. చివరికి వతన్ వదిలి 1504లో కాబూల్ చేరాడు. దాదాపు 1,800 మీటర్ల ఎత్తున్న ఊరు, చలికాలం వస్తే మంచు. ఆ పరాయి నేల మీద ఆయన తఖ్తుతో పాటు తోటలూ వేసుకున్నాడు. ఆ సంగతులు బాబర్‌నామాలో తనే రాశాడు.

కాబూల్ పళ్ళను ఆ కితాబ్‌లో రెండుగా విడదీశాడు. చల్లని నేల మేవా: ద్రాక్ష, దానిమ్మ, సేబు, బిహీ, నాష్‌పాతీ, బాదం, అఖ్రోట్, ఖుబానీ. మన వలీమా దస్తర్‌ఖాన్ మీద మీఠాగా వచ్చే ఖుబానీ అదే. ఇక నారింజ, మాదీఫలం లాంటివి వేడి నేలవి, పక్కనున్న లమ్‌గాన్ నుంచి ఊళ్ళోకి వస్తాయన్నాడు. కాబూల్ రేవంద్‌నూ మెచ్చుకున్నాడు. మన హకీములు వాడే రేవంద్ చీనీకి అది చుట్టమే.

కాబూల్‌లో లేని ఆలూబాలూ, అంటే పుల్ల చెర్రీ, మొక్కలు తెప్పించి నాటించాడు. అవి చక్కగా పెరిగాయి. నారింజ మీదా ఆశ వదల్లేదు. కానీ దాన్ని కాబూల్ మంచులో పెట్టలేదు. 1508-09లో కిందనున్న అదీనాపూర్ దగ్గర, చలి తక్కువున్న చోట, బాగ్-ఎ-వఫా వేశాడు. నారింజ, చెరకు, అరటి అక్కడ పెట్టించాడు. నేల మిజాజ్ చూసి చెట్టును ఎంచుకోవడమంటే ఇదే.

అక్బర్ కాలంలో ముహమ్మద్ ఖులీ అఫ్షార్ కాబూల్ నుంచి తియ్య చెర్రీ తెచ్చి కశ్మీర్‌లో నాటాడని జహంగీర్ రాశాడు. ఈనాడు కశ్మీర్ చెర్రీకి పేరున్న చోటు.

చలి ఈ చెట్లకు దుష్మన్ కాదు, జరూరత్. చాలా సేబు రకాలకు 7 డిగ్రీల లోపు చలి 800 నుంచి 1,000 గంటలు తగిలితేనే వసంతంలో పూత సరిగా వస్తుంది. ఖుబానీ మాత్రం తొందరపడి ముందే పూస్తుంది, ఆఖరి మంచుకు పూత మాడిపోతుంది. ఆలూబాలూ కాస్త ఆగి పూస్తుంది, ఒక్క చెట్టున్నా కాస్తుంది. చిన్న పెరడుకు అదే మేలు. కాబూల్‌లో బతికిన దానిమ్మ టొరంటో చలికి ఆగదు. పుదీనా మంచు కింద నిద్రపోయి మళ్ళీ లేస్తుంది. అయితే కుండీలో పెట్టాలి, లేదంటే పెరడంతా ఆక్రమిస్తుంది. కొత్తిమీర, మెంతి ఎండాకాలంలో చల్లుకుంటే చాలు.

బాబర్ 1530లో ఆగ్రాలో కన్నుమూశాడు. తర్వాత ఆయన మయ్యత్‌ను కాబూల్‌కు తీసుకెళ్ళి, తన బాగ్‌లోనే దఫన్ చేశారు. పుట్టిన ఫర్గానాకు కాదు, చెట్లు నాటుకున్న ఊరికి! నాటిన చెట్టు పండు మనిషి తిన్నా, పిట్ట తిన్నా నాటినవాడికి సదఖా అని హదీసు. ఆ పెరడు ఏ దేశంలో ఉండాలో అందులో లేదు.

అంతా విని బిడ్డ అడిగింది: "మరి నా కరివేపాకు, మామూ?"

"కుండీలో పెట్టు బేటీ. ఎండాకాలం బయట, చలికాలం కిటికీ పక్కన. అది నీ బాగ్-ఎ-వఫా. పెరట్లో మాత్రం ఆలూబాలూ నాటు."