వీధి గోడ మీంచి ముందుగదిలోకి

ఫ్రాన్సులో పెద్ద సినిమా పోస్టరు కొలత 120 సెంటీమీటర్ల వెడల్పు, 160 సెంటీమీటర్ల పొడుగు. అంటే ఇంచుమించు మన ఆడవాళ్లంత ఎత్తు! దాన్ని ఇంటికోసం వేయలేదు. దారినపోయేవాళ్లని దూరం నుంచే కళ్లతో పట్టి నిలబెట్టడానికి వేశారు. ఆట మారితే దానిమీద మరోటి అంటించేస్తారు, అంతటితో దాని ఆయుష్షు సరి. అలాంటి కాగితాన్ని ఇవాళ అద్దాల ఫ్రేములో పెట్టి సోఫా పైన తగిలించుకుంటున్నారు. పాతబడ్డ క్యాలెండరులో లక్ష్మీదేవి బొమ్మ కత్తిరించి పటం కట్టించుకునే మనకి ఇది మరీ అంత వింత కాదనుకోండి.

నిజానికి ఈ పిచ్చి సినిమా కంటే ముందే పుట్టింది. 1881 జూలై 29న వచ్చిన చట్టం ఫ్రాన్సులో పత్రికలతోబాటు గోడమీది కాగితాలకి కూడా స్వేచ్ఛనిచ్చింది. తెల్లకాగితం మాత్రం సర్కారు ప్రకటనలకే! మిగతావాళ్లకి రంగులే గతి. రాతిపలక మీద బొమ్మ గీసి, ఒక్కో రంగుకీ విడిగా అచ్చుకొట్టే విద్యలో జూల్ షెరే అప్పటికే చెయ్యితిరిగినవాడు. ఆయన గీసిన నవ్వుతున్న ఆడపిల్లలతో పారిస్ గోడలు వెలిగిపోయాయి. జనం ఊరుకుంటారా? అంటించేవాడి చేతిలో నాలుగు డబ్బులు పెట్టి కొందరు తీసుకున్నారు. తడి స్పాంజీతో రాత్రిపూట గోడమీంచి ఊడదీసుకుపోయినవాళ్లు కొందరు. ఎడ్మండ్ సాగో అనే వ్యాపారి 1891లో అమ్మకానికున్న పోస్టర్ల పట్టికనే పుస్తకంగా వేశాడు. ఆ దొంగలూ, ఆ వ్యాపారీ లేకపోతే వాటిలో ఎన్ని మనదాకా వచ్చేవి చెప్పండి!

1895 డిసెంబరు 28న లూమియేర్ సోదరులు పారిస్‌లో టిక్కెట్టు పెట్టి సినిమా చూపించారు. మరుసటి ఏడే ఓజోల్ వేసిన పోస్టరులో తెరమీద తోటమాలి ముఖాన నీళ్లు చిమ్ముతుంటే, ముందు కూచున్నవాళ్లు పగలబడి నవ్వుతుంటారు. బొమ్మలో సినిమా కన్నా చూసేవాళ్లే ఎక్కువ!

తర్వాతి చిత్రకారుల్లో నాకు బోరిస్ గ్రిన్సన్ కథంటే మనసు చివుక్కుమంటుంది. రష్యాలో పుట్టి, జర్మనీలో హిట్లరుకి వ్యతిరేకంగా పోస్టరు గీసి, ఆ దేశం విడిచి పారిస్ చేరాడు. ట్రూఫో 1959లో తీసిన 'లే కాత్రు సాఁ కూ'కి పోస్టరు ఆయనదే. ఒక పోస్టరు గీసి దేశం పోగొట్టుకున్న మనిషి, మళ్లీ పోస్టర్లు గీసే బతికాడు.

ఇక కొనడం సంగతి. అసలుదాన్ని మడతలే పట్టిస్తాయి. అప్పట్లో వాటిని మడిచి థియేటర్లకి పంపేవారు. పెట్టె అడుగున ఏళ్లతరబడి ఉన్న పట్టుచీర మడతమీద చిట్లినట్టే కాగితమూ చిట్లుతుంది. అందుకే వెనక గుడ్డ అంటించి బాగుచేయిస్తారు. మడతలు బొత్తిగా కనిపించకుండా చేయించుకునేవాళ్లూ ఉన్నారు, నాకది నచ్చదు. ఎండ తగిలే గోడ అసలు వద్దు, రంగులు వెలిసిపోతాయి. చిన్న ఇంటికి 60కి 80 సెంటీమీటర్లది దొరుకుతుంది. కొత్తగా అచ్చువేసిన నకలు కొనుక్కున్నా తప్పులేదు. కానీ సినిమా చూడకుండా పోస్టరు తగిలించడం, ముక్కూమొహం తెలియని మనిషి ఫొటోకి పటం కట్టించినట్టే ఉంటుంది.

జాక్ తతి తీసిన 'మోఁ నోంక్ల్' (1958) పోస్టరు చాలా ఇళ్లల్లో కనిపిస్తుంది. దాన్ని గీసింది ఆ సినిమాకే తతి దగ్గర సహాయకుడిగా పనిచేసిన పియేర్ ఎతే. అందులో ఆర్పెల్ అనే ఇల్లాలు తోటలో లోహపు చేప ఫౌంటెను పెట్టుకుంటుంది. గంట మోగితే చాలు, చేప నోట్లోంచి నీళ్లు చిమ్మిస్తుంది. వచ్చింది గొప్పవాళ్లు కాక ఇంటివాళ్లే అని తేలిందా, ఠక్కున కట్టేస్తుంది! ఆ పోస్టరునే ఇప్పుడు ముందుగదిలో, వచ్చినవాళ్లకి సరిగ్గా ఎదురుగా కనపడేట్టు తగిలిస్తున్నారు.