హాక్స్‌బరీ తొలి వలసదారుల జనాభా లెక్కలు

హాక్స్‌బరీ నది ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో, సిడ్నీ నగరానికి వాయవ్యంగా ప్రవహించే నది. 1794లో 22 మంది వలసదారులు ఈ నదీతీరాన సేద్యం ప్రారంభించారు. వీరిలో చాలామంది శిక్షాకాలం ముగిసిన ఖైదీలు. వరదలు తరచుగా వచ్చినా, ఒండ్రునేల సారవంతమైనది కావడంతో వలస రాజ్యానికి కావలసిన ధాన్యంలో అధికభాగం ఇక్కడినుండే లభించేది.

== మస్టర్లు ==
మొదట్లో ప్రజలను నిర్ణీత స్థలానికి రప్పించి పేర్లు నమోదు చేసేవారు. దీనిని మస్టర్ అనేవారు (తెలుగునాట కూలిపనుల హాజరుకు వాడే "మస్టరు" ఈ మాటే). ప్రభుత్వ గిడ్డంగుల నుండి ఎవరికి తిండిగింజలు ఇవ్వాలో తేల్చడం దీని ముఖ్యోద్దేశం. 1806లో శామ్యూల్ మార్స్‌డెన్ అనే మతాచార్యుడు వలసలోని స్త్రీల పట్టిక తయారుచేశాడు. అందులో 395 మందిని వివాహితలుగా, 1,035 మందిని ఉంపుడుగత్తెలుగా చూపాడు. ఆంగ్లికన్ చర్చిలో జరగని పెళ్ళిని అతడు పెళ్ళిగా గుర్తించలేదు. కనుక కాథలిక్కు ఇల్లాళ్ళు కూడా రెండవ వర్గంలోనే చేరారు. ఈ అంకెలను నాటి నీతికి కొలమానంగా తీసుకోవడం సరికాదు.

== 1828 జనగణన ==
స్వేచ్ఛాపౌరులను మస్టరుకు రమ్మని నిర్బంధించే అధికారం గవర్నరుకు లేదన్న సందేహం రావడంతో 1828లో ప్రత్యేక చట్టం చేసి, నవంబరులో తొలి జనగణన జరిపారు. మొత్తం 36,598 మంది నమోదయ్యారు. వారిలో 15,728 మంది ఖైదీలు. పేరు, వయసు, మతం, వృత్తి, వచ్చిన ఓడ, సంవత్సరం, భూమి, పశువులు ఇందులో ఉన్నాయి. ప్రతివ్యక్తి హోదాను పొడి అక్షరాలలో వ్రాశారు: స్వేచ్ఛగా వచ్చినవారు "సి.ఎఫ్.", శిక్ష ముగిసినవారు "ఎఫ్.ఎస్.", వలసలోనే పుట్టినవారు "బి.సి.". ఒకే ఇంట తల్లిదండ్రులకు ఒక గుర్తు, పిల్లలకు మరొక గుర్తు కనిపించడం మామూలే. చెవికి వినబడినట్లు వ్రాసినందున ఒకే ఇంటిపేరు పలు రూపాలలో దొరుకుతుంది; వయసులూ ఉజ్జాయింపులే. వంశచరిత్ర వెదికేవారు ఓడ పేరుతో సరిచూసుకోవడం మేలు. ఈ జనగణన 1980లో పుస్తకంగా వెలువడింది.

== లెక్కలోకి రానివారు ==
ఈ నదిని దారుగ్ ప్రజలు డైరబ్బిన్ అని పిలిచేవారు. తీరంలో వారు త్రవ్వుకొనే దుంపలు మొక్కజొన్న చేలక్రింద పోయాయి. తిండికోసం చేలలోకి వచ్చినవారిపై కాల్పులు జరిగాయి. 1795లో సైనికులను పంపారు, ఘర్షణలు 1816 వరకు సాగాయి. గొర్రెలను సైతం లెక్కించిన 1828 జనగణనలో ఆదివాసులను లెక్కించలేదు. దేశ జనాభా లెక్కనుండి వారిని మినహాయించిన రాజ్యాంగ నిబంధన 1967 ప్రజాభిప్రాయ సేకరణ తరువాతనే తొలగింది.